అంచున ఎర్ర సున్నా

జూన్ 3, సోమవారం

ఈ రోజు దాన్ని బిగించారు. ఒక తెర, ఒక డబ్బా, రెండు తీగలు. అంతే. తెచ్చిన ఇంజనీరు మెడలో బిళ్ళ వేలాడేసుకుని, నా గది మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. “మేడం, ఇది పది లక్షల రొమ్ము ఎక్స్‌రేలు చూసి నేర్చుకుంది. అలసిపోదు, ఆకలేయదు, సెలవడగదు.”

“బాత్రూంకి వెళ్తుందా?” అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇన్నాళ్ళూ నేను ఎక్స్‌రే తీస్తే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసేవారు. ఇకమీదట పెద్ద డాక్టరుగారు ఒక్కరే చూస్తారు. రెండో జత కళ్ళు దీనివి. అందుకని ఆ రెండో డాక్టరును, కళ్ళద్దాల డాక్టరమ్మను, వేరే విభాగానికి పంపేశారు. పద్నాలుగేళ్ళు నా పక్కగదిలో కూర్చున్న మనిషి. మొక్క కుండీ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

జూన్ 5

రెండో షిఫ్టులో పనిచేసే పొట్టక్క దానికి పేరు పెట్టేసింది: అత్తగారు. ఎక్కడ వంక దొరుకుతుందా అని చూడడమే పని కదా. దాని కంటికి ఏదైనా తేడాగా కనిపిస్తే చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ఒక అంకె వేస్తుంది. నూటికి ఎంత అనుమానమో ఆ అంకె.

“అత్తగారు లేచిందా?” అనుకుంటూ వస్తున్నాం పొద్దున్నే. నవ్వుకుంటున్నాం. పందొమ్మిదేళ్ళ పని మీద ఒక డబ్బాను కూర్చోబెట్టారు, నవ్వక ఏం చేస్తాం?

జూన్ 11

దొరికింది. దొరికిపోయింది అత్తగారు.

పోయిన వారం వచ్చిన లెక్కల టీచరుకు మూడు సున్నాలు చుట్టింది. అంకె డెబ్భై ఆరు. ఆవిడను మళ్ళీ పిలిపించారు. పిలుపు అందిన దగ్గర్నుంచి ఐదు రోజులు నిద్ర లేదట, తిండి లేదట, చెల్లెళ్ళకు ఏమేం పంచాలో కూడా రాసిపెట్టుకుందట. తీరా చూస్తే చంకలో రాసుకున్న పౌడరు. ఎక్స్‌రేలో తెల్లటి చుక్కల్లా పడింది.

“అది పౌడరు అని మనిషైతే చెప్పేవాడు” అన్నాను పెద్ద డాక్టరుగారితో, అందరూ వినేటట్టు.

“చెప్పలేకపోవచ్చు కూడా” అన్నారాయన. “ముందే తడిగుడ్డతో తుడిపిస్తే ఆ గొడవే ఉండదు.”

తుడిపించడం నా పనే. ఆవిడ చేత తుడిపించానో లేదో గుర్తులేదు. తుడిపించే ఉంటాను.

జూన్ 14, శుక్రవారం

చెల్లికి ఈ రోజు మూడోసారి మందు ఎక్కించారు. నాలుగు గంటలు కుర్చీలో.

మార్చిలో స్నానం చేస్తుంటే తన చేతికే తగిలింది గడ్డ. ఏప్రిల్‌లో ఎడమ రొమ్ము తీసేశారు. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషికి ఇప్పుడు ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ఆపరేషన్ చేసిన డాక్టరును పట్టుకుని, “స్టీరింగు పూర్తిగా తిప్పగలనా లేదా, అది చెప్పండి ముందు. బతుకు సంగతి తర్వాత మాట్లాడుకుందాం” అంది.

హాస్పిటల్ వాళ్ళు రోగుల ఫోన్లలో ఒక మాటల యంత్రాన్ని కూడా పెట్టారు. ఏం అడిగినా జవాబిస్తుంది. చెల్లి కుర్చీలో కూర్చున్నంతసేపూ దాంతోనే కబుర్లు.

“ఇదిగో అక్కా, నోట్లో పుళ్ళకి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించమంటోంది. జుట్టు మళ్ళీ ఎప్పుడొస్తుందో కూడా చెప్పింది.”

“నన్నడగొచ్చుగా? నేనేం పరాయిదాన్నా?”

“నువ్వు మొహం చాటేస్తావక్కా. ఏదడిగినా నర్సును పిలుస్తానంటావు. దానికసలు మొహమే లేదుగా, చాటేయడానికి.”

పక్కన కూర్చున్న మరిది, దాని మొగుడు, కిసుక్కున నవ్వాడు. ఒళ్ళు మండింది నాకు. లేచి టీ తేవడానికి వెళ్ళాను. టీ తేకుండానే ఇంటికొచ్చేశాను.

జూన్ 20

చెల్లికి ఏడాదిన్నర కిందట ఎక్స్‌రే తీసింది నేనే. ఏమీ లేదని రాశారు అప్పుడు. నిక్షేపంగా తీశాను.

జూన్ 27

మీటింగు. డైరెక్టరు కూడా వచ్చాడు. గత మూడేళ్ళ పాత ఎక్స్‌రేలన్నీ అత్తగారి చేత చూపిస్తారట. అప్పట్లో ‘ఏమీ లేదు’ అని పంపించేసిన వాళ్ళలో తర్వాత కాన్సరు బయటపడిన వాళ్ళు ఎంతమంది, వాళ్ళ పాత ఎక్స్‌రేల్లో ఇది ముందే ఏమైనా పట్టుకోగలిగేదా అని పరీక్ష.

“యంత్రం ఎంత గొప్పదో తేల్చుకోవడానికి మాత్రమే” అన్నాడు డైరెక్టరు. “ఎవరి తప్పులూ వెతకడానికి కాదు.”

అయితే ఎందుకు తవ్వడం? పూడ్చిపెట్టినవి పూడ్చిపెట్టినట్టు ఉండనీయొచ్చుగా. అడుగుదామనుకున్నాను. పొట్టక్క నా మోచేతి మీద గిల్లింది.

పాత ఫైళ్ళు తీసి ఇచ్చే పని నాకే పడింది.

జూలై 2

వందల కొద్దీ నంబర్లు. కళ్ళు మంటలు. చెల్లి నంబరు కూడా వెళ్ళింది లోపలికి. వెళ్ళనీ. నిక్షేపంగా తీశాను.

జూలై 9

నలభై ఒక్కమంది.

నలభై ఒక్క ఎక్స్‌రేల్లో అత్తగారు సున్నా చుట్టింది. ఆ నలభై ఒక్కటీ డాక్టర్లు బాగున్నాయని పంపించేసినవి. తర్వాత ఆ నలభై ఒక్కమందికీ వచ్చింది.

ఇరవై ఎనిమిదోది చెల్లిది.

ఎడమ రొమ్ము, ఫోటోకి బాగా వెనక అంచున, సగం తెగిన సున్నా. అంకె ఎనభై నాలుగు. దాని లోపల బియ్యపుగింజంత మబ్బు. ఆ రోజు డాక్టరమ్మ సెలవు, చూసింది పెద్ద డాక్టరుగారు ఒక్కరే. దాన్ని ఒంటి మీది ముడతనుకున్నారు. ముడత! ముప్ఫై ఏళ్ళ అనుభవం, గోడ నిండా సర్టిఫికెట్లు! కళ్ళు నెత్తిమీద పెట్టుకుని చూశాడు.

జూలై 10

రాయడానికి ఏం లేదు.

జూలై 15

అత్తగారు సున్నా కింద ఇంకో ముక్క కూడా రాసింది. మొన్న రాయలేదు ఇక్కడ. అంత ముఖ్యమనిపించలేదు.

‘వెనక భాగం పూర్తిగా రాలేదు. మళ్ళీ తీయవలసింది.’

ఎవరడిగారు దాన్ని? గడ్డ ఉందా లేదా చూడమని తెచ్చారు గాని, నేనెలా తీశానో మార్కులు వేయమని తెచ్చారా?

జూలై 16, మంగళవారం

పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. తలుపు వేసి మరీ అడిగాను. “నా చెల్లెలిది చూశారా?”

చూశానన్నారు. పేపర్‌వెయిట్ తిప్పడం మొదలుపెట్టారు.

“ఆ రోజు నా ముందుకు ఎన్ని వచ్చాయో తెలుసా? నూట నలభై. నూట నలభై ఎక్స్‌రేలు, ఒక్క పూటలో.”

“అందులో నా చెల్లి ఒకతి.”

“అవును. నేను పట్టుకోవాల్సింది. కాదనను.” తర్వాత గొంతు తగ్గించారు. “కానీ అమ్మా, నీకు నేను చెప్పాలా? రొమ్ము వెనక కండ దాకా ఫోటో వచ్చి ఉంటే ఆ మబ్బు అంచున ఉండేది కాదు, మధ్యలో ఉండేది. నా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది. సగం ముక్క నా చేతిలో పెట్టి మొత్తం చూడలేదంటే ఎలా?”

నేను తలుపు తీశాను.

“ఇది కమిటీ లోపలి విషయం” అన్నారు వెనక నుంచి. “నలభై ఒక్కమందికీ చెప్పొద్దని పైవాళ్ళ మాట. చెబితే ఎవరికి మేలు?”

ఆయన మొహం చూస్తే అసహ్యం వేసింది. ఆ డబ్బా మొహం చూస్తే కూడా. దానికి మొహం లేదు కదూ.

జూలై 18

కమిటీకి ఇవ్వాల్సిన పట్టిక టైపు చేశాను. నంబరు, తేదీ, చూసిన డాక్టరు, తీసిన టెక్నీషియను. నలభై ఒక్క వరసలు. ఇరవై ఎనిమిదో వరసలో చివరి గడి ఖాళీగా ఉంది.

రికార్డులావిడ ఫోను చేసి అడిగింది. “పాత సిస్టంలో పేరు ఎక్కలేదండీ” అన్నాను. ఆవిడ సరేనంది. అంత తేలిగ్గా సరేనంటుందనుకోలేదు.

జూలై 24

చెల్లికి చెప్పేశాను.

వాళ్ళింటి వెనక మెట్ల మీద కూర్చున్నాం. తలకు పాత యూనిఫాం స్కార్ఫు కట్టుకుంది. గోడకు ఎడమ అరచెయ్యి ఆనించి వేళ్ళతో పైకి పాకిస్తోంది, చెయ్యి లేవడానికి నేర్పిన కసరత్తు. గోడమీద పెన్సిలు గీతలు, ఏ రోజు ఎంతదాకా లేచిందో.

లిస్టు గురించి చెప్పాను. సున్నా గురించి చెప్పాను. డాక్టరు ముడతనుకున్నాడని చెప్పాను.

చెయ్యి గోడమీదే ఆగిపోయింది.

“అంటే ఏడాదిన్నర కిందటే ఉంది.”

“ఉంది.”

“అప్పుడే తెలిస్తే ఇదంతా…” అని ఛాతీ వైపు చూపించింది.

“చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో.”

మళ్ళీ వేళ్ళు పైకి పాకిస్తూ అడిగింది. “ఫోటో బాగానే ఉందా మరి?”

“ఏం?”

“నువ్వు తీసిందేగా. అయితే బాగానే ఉండుంటుందిలే.” నన్ను అడగలేదు, తనకు తానే చెప్పుకుంది. “వాడు, ఆ డాక్టరు, వాణ్ణి వదలను నేను.”

“వదలకు” అన్నాను.

వదలకు అన్నాను.

జూలై 29

చెల్లి అర్జీ పెట్టింది. నాలుగు పేజీలు, మరిది చేత టైపు చేయించి. తన పాత రికార్డు మొత్తం కావాలని, ఎవరు తీశారో ఎవరు చూశారో రాతపూర్వకంగా ఇవ్వాలని. అర్జీ ఎలా రాయాలో ఆ ఫోనులోని మాటల యంత్రమే నేర్పిందట. హాస్పిటల్ వాడే పెట్టిన యంత్రం హాస్పిటల్ మీదే అర్జీ రాయించింది! ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

“రికార్డు వస్తే నువ్వే చదివి చెప్పాలక్కా. నాకా భాష అర్థం కాదు” అంది.

ఆగస్టు 1, గురువారం

పొద్దున ఐదింటికే లేచాను. వంటింటి బల్ల దగ్గర రాస్తున్నాను. ఇది ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాయాలి.

ఎక్స్‌రే తీసిన ఆ రోజు ఆఖరి మనిషి చెల్లే. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. బస్సులో ఎవరో పెద్దాయన నిద్రపోయి మూడుసార్లు చివరి స్టాపుదాకా వెళ్ళొచ్చిన కథ చెబుతూ బట్టలు మార్చుకుంది. కుడివైపు బాగానే వచ్చింది. ఎడమవైపు పలక దించి నొక్కుతుంటే, “అబ్బా, వదులక్కా, చచ్చిపోతున్నా” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. ఇంకా లోపలికి లాగాలి. లాగలేదు. తీసేసి వదిలేశాను.

తెర మీద చూశాను. వెనక కండ రాలేదు. నా పనిలో చేరిన మొదటి వారం నేర్పే పాఠం అది: కండ కనిపించకపోతే మళ్ళీ తీయాలి. “ఇంకోసారి తీయాలేమోనే” అన్నాను. అప్పటికే గుండీలు పెట్టుకుంటోంది. “ఏం అక్కర్లేదు, నాకేం రోగం” అంది.

సరేనన్నాను.

పరాయిదైతే మళ్ళీ తీసేదాన్ని. ఏడ్చినా తీసేదాన్ని. ఏడ్చినవాళ్ళకు ఎంతమందికి తీయలేదు? నా చెల్లి కనక వదిలేశాను. దాని నొప్పి చూడలేక వదిలేశాను. ఇందులో ఆ డబ్బా చేసిన పాపం ఏమీ లేదు. చూసినది చూసినట్టు చెప్పింది. అందుకే దాన్ని చూస్తే నాకు ఇంత మంట.

ఆగస్టు 2

రికార్డులావిడ దగ్గరికి వెళ్ళి ఖాళీ గడిలో నా పేరు నా చేత్తో రాశాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, “మీ పేరేనా?” అంది. నాదే.

ఆగస్టు 3, శనివారం

చెప్పాను. అదే మెట్ల మీద. ఈసారి అన్నీ చెప్పాను, ఖాళీ గడితో సహా.

అరవదని నాకు ముందే తెలుసు. కోపం ముదిరితే అరవదు అది.

“నేను వదలమన్నాను” అంది.

“అవును.”

“నువ్వు వదిలావు.”

“అవునే.”

“బస్సులో రోజూ ఎవరో ఒకరు మధ్యలో దింపమంటారు. ఇల్లు ఇక్కడే అంటారు, మోకాళ్ళు నొప్పులంటారు. నేను దింపను. మన అమ్మొచ్చి అడిగినా దింపలేదు ఓసారి, నీకూ తెలుసు. వెనకాల నుంచి ఏ బండి వస్తోందో దిగేవాళ్ళకు కనపడదక్కా. నాకు కనపడుతుంది. అందుకే నన్నక్కడ కూర్చోబెట్టారు.”

నేను గోడమీది పెన్సిలు గీతలు చూస్తున్నాను.

“పైగా పది రోజులు వాడి మీదికి ఉసిగొల్పావు నన్ను. వదలకు అన్నావు.”

“తప్పే.”

“వెళ్ళక్కా.”

మరిది గేటు దాకా వచ్చాడు. గేటు గడియ పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 9

ఫోను ఎత్తలేదు.

ఆగస్టు 12

ఎత్తలేదు.

ఆగస్టు 20

చెల్లి అర్జీ దెబ్బకు నలభై ఒక్కమందికీ ఉత్తరాలు పంపక తప్పలేదు. ముగ్గురి ఇళ్ళకు ఉత్తరం వెళ్ళినా చదవాల్సిన మనిషి లేదు. కవర్ల మీద చిరునామాలు నేనే అంటించాను. ఆ ముగ్గురిలో ఇద్దరి మొహాలు గుర్తొచ్చాయి. ఒకావిడ వేళ్ళకు ఎప్పుడూ రంగు ఉండేది, గోడలకు రంగులు వేసే పని. ఆవిడ ఎక్స్‌రే తీసింది పొట్టక్క. బాగా తీసింది. డాక్టరే చూడలేదు.

పెద్ద డాక్టరుగారు ముందుగానే రిటైర్మెంటు తీసుకుంటున్నారట. నాకు మెమో ఇచ్చారు: మూడు నెలలు మనుషులను ముట్టుకోకూడదు, మళ్ళీ శిక్షణ.

సెప్టెంబరు 4

శిక్షణ ఇచ్చేది ఎవరనుకున్నాను? అత్తగారే. రబ్బరు బొమ్మను పలక మధ్య పెట్టి నేను ఫోటో తీయాలి, అది మార్కు వేయాలి. ‘సరిపోదు. మళ్ళీ తీయండి.’ తీశాను. ‘సరిపోదు. మళ్ళీ తీయండి.’ పదకొండుసార్లు. విసుగు లేదు దానికి, జాలి లేదు, నా వయసు తెలియదు. పన్నెండోసారి సరిపోయిందంది. శభాష్ అని కూడా అనలేదు.

పన్నెండోది నిజంగానే బాగుంది. నేను తీసినవాటిలో ఇంత బాగా వచ్చింది ఈ మధ్య లేదు. బయటికొచ్చి కడుపారా తిట్టాను దాన్ని.

సెప్టెంబరు 19

వెయిటింగ్ హాల్లో పోస్టరు పెట్టారు. నిలువెత్తుది. ‘మనిషి కన్ను దాటిపోయినది మా యంత్రం కన్ను దాటదు.’ కింద ఒక ఎక్స్‌రే, ఎర్ర సున్నా. పేరు చెరిపేశారు. పేరెందుకు నాకు? సున్నా అంచున ఉంది, సగమే ఉంది.

నా చెల్లి ఒంటిని గోడకెక్కించారు.

డైరెక్టరు గదికి వెళ్ళాను. “పేరు లేదుగా, నిబంధనల ప్రకారమే చేశాం” అన్నాడు. అది ఎవరిదో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. నిజంగానే తెలియదు అతనికి. తెలుసుకోవాలని కూడా లేదు. నలభై ఒక్కమందిని దాచిపెట్టమన్నవాళ్ళే ఇప్పుడు వాళ్ళతో టముకు వేసుకుంటున్నారు. యంత్రాన్ని తిట్టుకుంటూ ఇన్నాళ్ళు ఎవరిని తిట్టకుండా వదిలేశానో ఆ గదిలో అర్థమైంది.

వచ్చి పోస్టరు చింపేశాను. ఇంకో మెమో. సాయంత్రానికి ఇంకో పోస్టరు.

అక్టోబరు 2

మరిది ఫోను చేశాడు. చెల్లికి మందు ఎక్కించడం పూర్తయిందట. పద్నాలుగున కుడివైపు ఎక్స్‌రేకి రావాలి. “వేరేవాళ్ళ చేత తీయించుకుంటానంది వదినా. ముందే చెబుదామని…” నసిగాడు.

“పొట్టక్క చేత తీయించుకోమను. గట్టిది” అన్నాను.

అక్టోబరు 14, సోమవారం

వచ్చింది. జుట్టు చిన్నగా మొలిచింది, బొగ్గురంగులో. నన్ను చూసి తల ఊపి లోపలికి వెళ్ళింది.

నేను తలుపు బయట నిలబడ్డాను. మాటలు వినిపిస్తున్నాయి. “ఊపిరి ఆపండి.” పలక దిగిన చప్పుడు. “అబ్బా!” అని చెల్లి గొంతు. “ఇంకొంచెం” అంది పొట్టక్క. “అమ్మా, ఇంక చాలు, వదిలెయ్యండి!” “ఇంకొంచెమేనమ్మా, కదలకండి.” పొట్టక్క వదల్లేదు.

అరగంట తర్వాత కళ్ళద్దాల డాక్టరమ్మ బయటికొచ్చింది. పెద్ద డాక్టరుగారి కుర్చీలోకి ఆవిడనే తెచ్చుకోక తప్పలేదు వీళ్ళకు. “శుభ్రంగా ఉంది. యంత్రమూ ఏం చుట్టలేదు. నేను రెండుసార్లు చూశాను” అంది.

చెల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కనే పోస్టరు. కాసేపటికి దాని వైపు తిరిగింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు హాల్లో.

“ఇది నాదే కదా?” అంది. ఆగస్టు తర్వాత నాతో అన్న మొదటి మాట.

“నీదే.”

“ఎలా తెలుసు?”

“సగమే ఉంది కనక.”

లేచింది. పోస్టరు కింది మూల పట్టుకుని గోళ్ళతో పిన్ను ఊడబెరికింది. రెండో మూలా ఊడబెరికింది. కౌంటరు అమ్మాయి, “మేడం, అది ముట్టుకోకూడదు!” అంటూ లేచి నిలబడింది.

“నా ఒళ్ళమ్మా ఇది. నేను ఇంటికి తీసుకెళ్తున్నాను” అంది చెల్లి, బస్సులో మధ్యలో దింపనని చెప్పే గొంతుతో. కౌంటరు అమ్మాయి కూర్చుండిపోయింది.

చెల్లి పైకి చెయ్యి చాపింది. భుజం దాటి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఆగిపోయింది చెయ్యి. ఇంకాస్త ప్రయత్నించింది. నేను కదల్లేదు. పిలవకుండా వెళ్ళే హక్కు లేదు నాకు.

“చూస్తావేం” అంది, గోడవైపే చూస్తూ. “పైవి నాకు అందడం లేదు.”

వెళ్ళి పైవి తీశాను.